మోడల్ ఇంజన్‌కు మిక్చర్ కంట్రోల్: చేతి నీడిలా, రెగ్యులేటరా, సెన్సరా?

రేడియోతో నడిపే మోడల్ విమానాలు, కార్ల ఇంజన్లలో గాలికి ఇంధనం ఏ పాళ్ళలో కలుస్తుందో దాన్నే మిక్చర్ అంటాం. ఆటోమేటిక్ మిక్చర్ అన్న పేరు మీద దొరికేవన్నీ ఒకే పని చేయవు. ఒకటి ట్యాంకు ఎత్తుపల్లాలను సరిచేస్తుంది. ఒకటి ఇంజన్ వేడి చూసి నీడిల్ (ఇంధనం దారిని తెరిచి మూసే సూది మర) తిప్పుతుంది. ఇంకొకటి గాలి సాంద్రతను లెక్కగడుతుంది. పొద్దున బాగా మోగిన ఇంజన్ మధ్యాహ్నం మొరాయిస్తోందంటే, ఏం కొనాలో తర్వాత చూడొచ్చు. మిక్చర్‌ను చెడగొడుతున్నది ఏదో ముందు తేలాలి. అది తేలకుండా కొన్న సెన్సర్ చాలాసార్లు అసలు లోపాన్ని కప్పిపెడుతుంది.

చెడగొట్టేవి ఏవి, ఎంతెంత

అందరూ మొదట ఎండను తిడతారు. లెక్క వేసి చూడండి. అనంతపురంలో డిసెంబరు ఉదయం 17 డిగ్రీలు, మధ్యాహ్నం 31 డిగ్రీలు అనుకుంటే, గాలి సాంద్రత 5 శాతం లోపే తగ్గుతుంది. కార్బురేటర్‌లో గాలి పలచబడితే ఇంధనాన్ని లాగే శక్తి కూడా కొంత తగ్గుతుంది కాబట్టి, మిక్చర్ మీద పడే తేడా అందులో సగమే, అంటే 2 శాతం పైచిలుకు. మే నెల 43 డిగ్రీల మధ్యాహ్నానికీ డిసెంబరు 15 డిగ్రీల ఉదయానికీ మధ్య కూడా మిక్చర్ మారేది 5 శాతం లోపే. కడప నుంచి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు, అంటే సుమారు 1,260 మీటర్ల ఎత్తుకు, మోడల్‌ను తీసుకెళ్ళినా దాదాపు అంతే. అక్కడ పవర్ పది శాతం దాకా పడిపోతుంది, అది వేరే సంగతి. దాన్ని ఏ నీడిలూ తిరిగి తెచ్చిపెట్టదు.

ఇక్కడే చాలామంది తిరగేసి అర్థం చేసుకునే విషయం ఒకటుంది. ఎండ ఎక్కువైతే కార్బురేటర్ మిక్చర్ రిచ్ (ఇంధనం ఎక్కువ) వైపు జరుగుతుంది, లీన్ (ఇంధనం తక్కువ) వైపు కాదు. ప్రమాదం చలి పూట వస్తుంది. మధ్యాహ్నం అంచుకు తెచ్చి బిగించిన నీడిల్‌తో మర్నాడు తెల్లవారి ఎగరేస్తే ఇంజన్ లీన్‌గా నడుస్తుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా ఇంధనంతోనే వస్తుంది కాబట్టి లీన్ అంటే నూనె కూడా తక్కువే. పిస్టన్ పట్టేసేది అలాగే.

మరి మధ్యాహ్నం ఇంజన్ ఎందుకు ఆగిపోతుంది? ఎక్కువసార్లు కారణం కౌల్ (ఇంజన్ మీది తొడుగు) లోపలి వేడి. ఇంధన పైపు సిలిండర్‌కు ఆనుకుని పోతే లోపల ఆవిరి బుడగలు కడతాయి, కాసేపు ఇంధనానికి బదులు ఆవిరే వస్తుంది. దీనికి మందు కంట్రోలర్ కాదు, పైపు దారి మార్చడం. కౌల్‌లోకి గాలి వచ్చే రంధ్రం కంటే బయటికి పోయే రంధ్రం కనీసం రెండింతలు ఉండాలి.

పెట్రోల్ ఇంజన్లకు ఎండ కంటే పెద్ద మార్పు బంకులోనే ఉంది. ఇథనాల్ కలపని పెట్రోల్‌కు సరైన గాలి నిష్పత్తి బరువులో 14.7కు 1. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కు అది 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఏడాదంతా ఎండావానా కలిసి చేసే తేడా కంటే ఇది ఎక్కువ. పాత సెట్టింగుతోనే ఈ20 పోసి "కార్బురేటర్ పోయింది" అనుకునేవాళ్ళు ముందు హై నీడిల్‌ను (ఫుల్ థ్రాటిల్‌కు ఇంధనం సరిచేసేది) వీసమెత్తు తెరిచి చూడాలి. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది లేదా గట్టిపరుస్తుంది. నెల కిందటి డబ్బాలో అడుగున మిగిలిన పెట్రోల్‌ను బండిలో పోసుకోండి, మోడల్‌కు వద్దు.

గ్లో ఇంజన్లు, అంటే స్పార్క్ లేకుండా ప్లగ్గు తీగ వేడితో మిథనాల్‌ను మండించేవి, ఈ విషయంలో నయం. మిథనాల్‌కు నిష్పత్తి 6.5కు 1 దగ్గర ఉంటుంది కాబట్టి ఇంధనం ఎక్కువ పడుతుంది, నీడిల్ కాస్త అటూఇటూ అయినా ఓర్చుకుంటుంది. కాకపోతే మిథనాల్ విషం, లైసెన్సు షరతులున్న సరుకు. నైట్రోమీథేన్ దొరకడం మరీ కష్టం. నైట్రో లేని 80 పాళ్ళ మిథనాల్, 20 పాళ్ళ ఆముదం మిశ్రమంతో చాలా ఇంజన్లు నడుస్తాయి. కర్నూలు మెట్టల్లో ఆముదానికి కొదవ లేదు గానీ, వంటింటి ఆముదం పనికిరాదు, జిగురు తీసి శుద్ధి చేసినదే కావాలి.

మూడోది ట్యాంకు. ముక్కు నిలువుగా పైకెత్తినప్పుడు ట్యాంకు కార్బురేటర్‌కు 20 సెంటీమీటర్లు కిందకు పోతే, సుమారు 1.6 కిలోపాస్కల్ ఒత్తిడి తగ్గినట్టు. చిన్న కార్బురేటర్ లాగే బలానికి అది చిన్నది కాదు. నేల మీద చక్కగా మోగి, నిలువుగా ఎక్కేటప్పుడు మాత్రమే గొంతు పట్టేస్తోందంటే ఇదే కారణం. నాలుగోది దుమ్ము. ఆషాఢ గాలికి లేచే ఎర్రమట్టి, నల్లరేగడి పొడి ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తే మిక్చర్ రిచ్ అవుతుంది. సిలిండర్ ఫిన్నుల (వేడిని గాలికి వదిలే రెక్కల) మధ్య నూనెతో కలిసి పేరుకుంటే మిక్చర్ మారకుండానే వేడి పెరుగుతుంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, సెన్సర్ల దగ్గర అవసరం పడుతుంది.

ఏ పద్ధతినైనా తూచడానికి నాలుగు ప్రశ్నలు చాలు. పై వాటిలో దేన్ని సరిచేస్తుంది? ఎంత త్వరగా? అది చెడిపోతే ఇంజన్ రిచ్ వైపు ఒరుగుతుందా, లీన్ వైపా? విడిభాగం కోసం వారాల తరబడి పార్సిల్‌కు ఎదురుచూడాలా, ఊళ్ళో చైన్‌సా మెకానిక్ దగ్గరే దొరుకుతుందా?

చేతి నీడిల్

దీన్ని తక్కువ చేయకండి. సరిగ్గా పెట్టిన చేతి నీడిల్ 4, 5 శాతం వాతావరణ మార్పును తట్టుకునేంత మార్జిన్‌తోనే ఉంటుంది. గ్లో ఇంజన్‌లో పద్ధతి ఇది. ఇంజన్ బాగా వేడెక్కాక ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఆర్‌పీఎం గరిష్ఠానికి చేరేదాకా నీడిల్ మూస్తూ పోండి. అక్కడి నుంచి 200, 300 ఆర్‌పీఎం పడిపోయేదాకా తిరిగి తెరవండి. మోడల్ ముక్కు పైకెత్తి పది సెకన్లు పట్టుకోండి. శబ్దం కొద్దిగా పెరిగి నిలబడితే సరే. పెరిగి, తర్వాత కుంగితే ఇంకో రెండు క్లిక్కులు తెరవాలి.

ఐడిల్ కోసం ఇంధన పైపును వేళ్ళతో నొక్కి చూడాలి. మూడు నుంచి ఐదు సెకన్లు నడిచి, కాస్త వేగం పెరిగి ఆగితే ఐడిల్ నీడిల్ సరిగ్గా ఉన్నట్టు. వెంటనే ఆగితే లీన్, చాలాసేపు నడిస్తే రిచ్. ఎప్పుడూ హై ముందు, లో (ఐడిల్ నీడిల్) తర్వాత, మళ్ళీ హై ఒకసారి.

నీడిల్ ఎంత తిప్పినా మాట వినకపోతే నీడిల్ మెడలోని ఓ-రింగ్, కార్బురేటర్ మెడ కింది రింగ్, బ్యాక్‌ప్లేట్ గాస్కెట్ చూడండి. గాలి ఎక్కడో దొంగగా లోపలికి వస్తోందన్నమాట. ఈ మూడూ సరిచూడకుండా ఆటోమేటిక్ జోలికి పోవడం డబ్బు దండగ.

డిమాండ్ రెగ్యులేటర్, పంపు కార్బురేటర్

10 సీసీ పైన పెట్రోల్ ఇంజన్లలో ఎక్కువగా ఉండే వాల్బ్రో రకం కార్బురేటర్ నిజానికి సగం ఆటోమేటిక్. క్రాంక్‌కేస్ ఒత్తిడి హెచ్చుతగ్గులతో ఒక డయాఫ్రమ్ (పలుచని పొర) పంపులా కొట్టుకుంటుంది, రెండో డయాఫ్రమ్ ఇంజన్ అడిగినంతే లోపలికి వదులుతుంది. ట్యాంకు ఎక్కడున్నా, మోడల్ తలకిందులైనా పట్టింపు లేదు. గ్లో ఇంజన్‌కు ఇదే సౌకర్యం కావాలంటే క్రాంక్‌కేస్ నుంచి చెక్ వాల్వ్ ద్వారా ట్యాంకుకు ప్రెషర్ ఇచ్చి, కార్బురేటర్ ముందు డిమాండ్ రెగ్యులేటర్ పెడతారు. ఈ పద్ధతిలో ట్యాంకు మూత, పైపులు ఒత్తిడి పట్టాలి, ఇంజన్ ఆగాక ప్రెషర్ వదిలేయాలి. లేకపోతే ఇంధనం లోపలికి కారి, తర్వాత స్టార్ట్ చేసేటప్పుడు హైడ్రాలిక్ లాక్ అయి (ద్రవం అడ్డుపడి పిస్టన్ కదలక) కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇది ట్యాంకు జబ్బుకు పూర్తి మందు. ఎండకు, ఈ20కి మందు కాదు.

వాల్బ్రో రకానికి రెండు నీడిళ్ళనూ ఒకటింబావు నుంచి ఒకటిన్నర చుట్లు తెరిచి మొదలుపెట్టి, అక్కడి నుంచి చెవితో, టాకోమీటర్‌తో సరిచేయాలి. నేల మీద బాగుండి గాల్లో వేగం అందుకోగానే మిక్చర్ మారిపోతోందా? మీటరింగ్ డయాఫ్రమ్ మూత మీద చిన్న రంధ్రం ఉంటుంది. కౌల్‌లోకి దూసుకొచ్చే గాలి దాన్ని నొక్కితే డయాఫ్రమ్ మోసపోతుంది. ఆ రంధ్రం మీద సన్నని ఇత్తడి గొట్టం సోల్డర్ చేసి, పైపు ద్వారా ఫ్యూజెలాజ్ (విమానం మొండెం) లోపలి నిశ్చల గాలికి కలపండి. పది నిమిషాల పని, చాలా "ఆటోమేటిక్" పరికరాల కంటే ఎక్కువ ఉపకారం చేస్తుంది. డయాఫ్రమ్ గట్టిపడి గలగలమంటే రిపేర్ కిట్ వేయండి. కొనేటప్పుడు ఇథనాల్ తట్టుకునేది అడగండి. చైన్‌సా, బ్రష్ కట్టర్ బాగుచేసే అంగళ్ళలో తరచూ దొరుకుతుంది, పాత డయాఫ్రమ్ చేతపట్టుకెళ్ళి సైజు పోల్చుకోండి.

ట్రాన్స్‌మిటర్ నుంచి నీడిల్ సర్వో

హై నీడిల్‌కు చిన్న ఆర్మ్ తగిలించి, ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక పలక) మీది సర్వో అనే చిన్న మోటారుతో తిప్పడం. కర్వ్ మీరే వేస్తారు: థ్రాటిల్‌కు ఐదు పాయింట్ల మిక్సింగ్, పైన ఒక నాబ్. మెటల్ గేర్ సర్వో కావాలి, రెండు వైపులా బాల్ లింక్ ఉండాలి. ప్రయాణం అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు మించకుండా ట్రాన్స్‌మిటర్‌లోనే కాక, మెకానికల్‌గా కూడా అడ్డు పెట్టాలి. ఫెయిల్‌సేఫ్ రిచ్ వైపుకే. సిగ్నల్ పోయినప్పుడు థ్రాటిల్ తగ్గి, నీడిల్ లీన్‌లో నిలిచిందంటే మీరు ఫెయిల్‌సేఫ్‌ను సగమే పెట్టినట్టు.

మధ్య థ్రాటిల్‌లో మిక్చర్ కుదరని కార్బురేటర్లకు ఇది మంచి జవాబు. కానీ చెవి మీదే, మీరు చెప్పిందే చేస్తుంది. గాల్లో ఉన్న ఇంజన్ శబ్దం ఎదురుగాలికి వేరుగా, వెనకగాలికి వేరుగా వినిపించే మైదానంలో నాబ్ తిప్పి నిర్ణయించడం కొత్తవాళ్ళకు తగదు.

వేడి చూసి తిప్పే కంట్రోలర్

హెడ్ మీదో, బ్యాక్‌ప్లేట్ మీదో సెన్సర్, ఒక చిన్న మైక్రోకంట్రోలర్, నీడిల్ సర్వో. హెలికాప్టర్లలో థ్రాటిల్, లోడ్ దాదాపు స్థిరంగా ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి అక్కడ బాగా కుదిరింది. నైట్రో కారుకు (నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే గ్లో ఇంజన్ కారుకు) హెడ్ వేడి 100 నుంచి 120 డిగ్రీల మధ్య పెట్టుకోవడం మామూలు లెక్క. అయినా మీ ఇంజన్ టార్గెట్‌ను కాగితంలో వెతకొద్దు. చేత్తో చక్కగా ట్యూన్ చేసి, నాలుగైదు నిమిషాలు నడిపి, అప్పుడున్న వేడినే టార్గెట్‌గా పెట్టండి.

వేడి నెమ్మదిగా కదులుతుంది. మిక్చర్ మార్చిన కొన్ని సెకన్లకు గానీ సెన్సర్‌కు తెలియదు. కంట్రోలర్ తొందరపడితే నీడిల్ అటూఇటూ ఊగుతూనే ఉంటుంది. ఒక్కో అడుగు 10 డిగ్రీల నీడిల్ తిప్పు మించకుండా, అడుగుకూ అడుగుకూ మధ్య మూడు నాలుగు సెకన్లు ఆగేలా రాయండి. సగం థ్రాటిల్ కింద సరిదిద్దడం ఆపేయాలి. ఇంజన్ 80 డిగ్రీలకు చేరేదాకా రిచ్‌లోనే ఉంచాలి.

ప్రమాదం ఎక్కడంటే, ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కితే నిరోధం తగ్గే సెన్సర్) వైరు తెగితే సర్క్యూట్‌కు అది "ఇంజన్ చాలా చల్లగా ఉంది" అన్నట్టు కనిపించవచ్చు. చల్లగా ఉందంటే రిచ్ అనుకుని కంట్రోలర్ నీడిల్ మూసుకుంటూ పోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. రీడింగ్ నమ్మదగని హద్దుకు పోగానే పూర్తి రిచ్‌కు వెళ్ళే లైను ప్రోగ్రామ్‌లో మొదట రాయాల్సింది. కే-టైప్ థర్మోకపుల్‌కు వాడే మ్యాక్స్6675 చిప్ వైరు తెగితే ఆ సంగతి చెబుతుంది, అందుకే ఇక్కడ థర్మిస్టర్ కంటే అది మేలు. చిప్ టీ-మైనస్ కాలును గ్రౌండ్‌కు కలపకపోతే ఆ హెచ్చరిక పనిచేయదు.

రెండో ఇబ్బంది మన ఎండలది. 30 డిగ్రీల రోజు పెట్టిన టార్గెట్‌తో 43 డిగ్రీల రోజు నడిపితే, మిక్చర్ సరిగ్గానే ఉన్నా హెడ్ వేడిగా ఉంటుంది. కంట్రోలర్ అనవసరంగా రిచ్ చేస్తుంది. ఫిన్నుల్లో మట్టి పేరుకున్నా ఇంతే. ఇంజన్ పొగ కక్కుతూ నీరసంగా నడుస్తుంటే నీడిల్ స్థానం చూడండి. ఎప్పుడూ ఉండే చోటు నుంచి దూరం జరిగి ఉంటే, లోపం మిక్చర్‌ది కాదు.

ఆర్‌పీఎం చూసి తిప్పేది

హస్క్‌వర్నా ఆటోట్యూన్, స్టిల్ ఎం-ట్రానిక్ చైన్‌సాల్లో వేడి సెన్సర్ మీద ఆధారపడని దారి ఉంది. ఇంధనాన్ని క్షణకాలం మార్చి, ఆర్‌పీఎం ఎటు కదిలిందో చూసి, మిక్చర్ ఏ వైపు ఉందో పసిగడతాయి. చేతి ట్యూనింగ్‌లో మనం చేసేదే యంత్రం చేస్తుంది. గాలి మారినా, ఈ20 పోసినా, ఫిల్టర్ కాస్త మూసుకున్నా దేన్నయినా సరిచేయగలదు, ఎందుకంటే అది చూసేది ఫలితాన్ని.

పెట్రోల్ మోడల్ విమానంలో హాల్ సెన్సర్ (షాఫ్ట్ తిరుగుడును అయస్కాంతంతో పసిగట్టేది) ఇగ్నిషన్‌కు ఎలాగూ ఉంటుంది, ఆర్‌పీఎం ఉచితం. చిక్కల్లా స్థిరత్వంతోనే. విమానం డైవ్ చేస్తే మిక్చర్ మారకపోయినా ఆర్‌పీఎం పెరుగుతుంది, కంట్రోలర్ దాన్ని తన గొప్పే అనుకుంటుంది. అందుకే థ్రాటిల్ రెండు మూడు సెకన్లు కదలనప్పుడే పరీక్ష చేయాలి, పదిసార్ల సగటు తీయాలి, గరిష్ఠం దొరికాక దానికి రిచ్ వైపు మార్జిన్ కలపాలి. ఎప్పుడూ లోడ్ మారే కారుకు ఇది పనికిరాదు. జనరేటర్‌లా ఒకే వేగంతో తిరిగే ఇంజన్‌కైతే దీన్ని మించింది లేదు.

సాంద్రత లెక్క, ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్షన్

బీఎంపీ280 లాంటి చిన్న బారోమీటర్ చిప్‌తో సాంద్రత లెక్కగట్టి నీడిల్ కదిపే పద్ధతి రాయడం తేలిక. మన మైదానాల్లో సరిచేయాల్సింది 2 నుంచి 5 శాతం కాబట్టి లాభమూ అంతంతే. చిప్‌ను ఫ్యూజెలాజ్ లోపల పెడితే అది బ్యాటరీ వేడిని కొలుస్తుంది, ఇంజన్ పీల్చే గాలిని కాదు.

ఆక్సిజన్ సెన్సర్ టూ స్ట్రోక్ మోడల్‌లో ఎగరడానికి కాదు. టూ స్ట్రోక్‌లో కొంత తాజా గాలి కాలకుండానే ఎగ్జాస్ట్‌లోకి జారిపోతుంది, సెన్సర్ దాన్ని లీన్ అని చదువుతుంది. నూనె మసి పట్టి త్వరగా మందగిస్తుంది. హీటర్‌కే ఆంపియర్ దాకా కరెంటు కావాలి. ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్‌ను బెంచ్ మీద కొలవడానికి మాత్రం బంగారం.

ఇంజెక్షన్ ఒక్కటే గాలి ఒత్తిడి, వేడి, థ్రాటిల్ అన్నీ కొలిచి ఇంధనం లెక్కగట్టేది. ఓ.ఎస్. ఇంజన్స్ గతంలో 140 ఆర్‌ఎక్స్-ఎఫ్‌ఐ అన్న ఇంజెక్షన్ మోడల్ ఇంజన్ తెచ్చింది కూడా. పంపు, రెగ్యులేటర్, ఇంజెక్టర్, కంప్యూటర్, వాటికి బ్యాటరీ: 50 సీసీ పైబడిన, గంటల తరబడి ఎగిరే విమానానికైతే ఆ బరువు కిట్టుబాటు. ఫిల్టర్‌లో నలుసు పడితే నేరుగా లీన్, మెల్లగా కాదు.

| పద్ధతి | ఎండ, ఎత్తు | ఈ20 మార్పు | ట్యాంకు స్థానం | చెడితే ఎటు |
|---|---|---|---|---|
| చేతి నీడిల్ | లేదు, మార్జిన్‌తో తట్టుకుంటుంది | మళ్ళీ ట్యూన్ చేయాలి | లేదు | ఉన్నచోటే |
| రెగ్యులేటర్, పంపు | లేదు | లేదు | పూర్తిగా | ఎక్కువగా లీన్ |
| ట్రాన్స్‌మిటర్ సర్వో | మీ చెవిని బట్టి | మీ చెవిని బట్టి | కొంత | మీరు పెట్టిన వైపు |
| వేడి కంట్రోలర్ | కొంత, తప్పుదారి పట్టవచ్చు | అవును | నెమ్మదిగా | ప్రోగ్రామ్‌ను బట్టి |
| ఆర్‌పీఎం కంట్రోలర్ | అవును | అవును | నెమ్మదిగా | ప్రోగ్రామ్‌ను బట్టి |
| సాంద్రత లెక్క | అవును | లేదు | లేదు | ప్రోగ్రామ్‌ను బట్టి |
| ఇంజెక్షన్ | అవును | మ్యాప్ మార్చాలి | అవును | లీన్ |

ఎవరికి ఏది

ఆదివారాలు ఎగరేసుకునే 10 నుంచి 30 సీసీ పెట్రోల్ విమానం ఉన్నవాళ్ళకు పంపు కార్బురేటర్, వెంట్ గొట్టం, చేతి నీడిల్ చాలు. మిగిలిన డబ్బుతో టాకోమీటర్ కొనండి.

గ్లో విమానంతో విన్యాసాలు చేసేవాళ్ళు రెగ్యులేటర్ వైపు చూడాలి. సెన్సర్ వారి సమస్యను తాకదు.

నైట్రో కారు నడిపేవాళ్ళకు కంట్రోలర్ వద్దు. నూనె తడిపిన రెండు పొరల ఫోమ్ ఫిల్టర్, చేతిలో ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే సరి. మన దుమ్ములో ఫిల్టర్‌ను పూట పూటకూ కడగాలి.

హెలికాప్టర్‌కు వేడి కంట్రోలర్ పెట్టవచ్చు, టార్గెట్‌ను ఎండాకాలానికి, చలికాలానికి వేరువేరుగా రాసిపెట్టుకుంటే.

ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం వెతికే విద్యార్థులు ఆర్‌పీఎం పద్ధతి తీసుకోండి. పరికరాలు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ, ఫలితం గ్రాఫు మీద కనిపిస్తుంది. విమానం ఎక్కించకుండా బెంచ్ మీదే చేయండి. 40 మిల్లీమీటర్ల మందం కడప బండకు రెండు రంధ్రాలు వేసి ఇంజన్ మౌంట్ బిగిస్తే వణుకు బాగా తగ్గుతుంది, బండను మాత్రం గట్టి మేజాకు క్లాంప్ చేయాలి. ప్రొపెల్లర్ తిరిగే తలానికి సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు. ఇగ్నిషన్ బాక్సుకూ మైక్రోకంట్రోలర్‌కూ కనీసం 30 సెంటీమీటర్ల దూరం, హాల్ సెన్సర్‌కు షీల్డు వైరు ఉండాలి. ఇవి లేకపోతే స్పార్క్ రొద ఆర్‌పీఎం లెక్కలోకి దూరి, లేని వేగాన్ని చూపిస్తుంది.

మొదటి పరీక్ష నీడిల్ సర్వో వైరు పీకి చేయండి. కంట్రోలర్ ఏం చేయాలనుకుంటోందో మెమరీ కార్డులో రికార్డు మాత్రమే చేయనివ్వండి, నీడిల్ మీ చేతిలో ఉంచుకోండి. మీరు రిచ్ చేసినప్పుడు అది "లీన్ చేయి" అని, మీరు లీన్ చేసినప్పుడు "రిచ్ చేయి" అని తడబడకుండా రాసిన తర్వాతే సర్వో కలపండి. బెంచ్ దాటి ఎగరేసే రోజు వచ్చినప్పుడు, ఓర్వకల్లు, కడప, పుట్టపర్తి విమానాశ్రయాల చుట్టుపక్కల ఉంటే ముందుగా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో మీ మైదానం ఏ రంగులో ఉందో చూసుకోండి.